తండ్రి ఒడి
(విజయపురి సౌత్‌లో చేసిన ప్రసంగ పాఠము)

దేవాలయ ప్రాంగణములో కూర్చున్నప్పుడు భక్తిని గూర్చియో, మోక్షమును గూర్చియో, అవతార లీలలను గూర్చియో వినవలెనని మీరందరు ఆశించుట సహజము. నేడు మేము ఎన్నుకొన్న విషయము వాని ముందు చిన్నదిగా కనిపించును. ఇంటిలో రెండవ బిడ్డ పుట్టినప్పుడు ఆ యింటి తండ్రి ఏమి చేయవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఇది ఆడువారి ముచ్చట గదా, దీనికి పురాణమెందుకు అని కొందరు అనుకొనవచ్చును. తక్కిన మూడు ఆశ్రమములకు గృహస్థాశ్రమమే ఆధారమని పెద్దలు చెప్పియున్నారు. ఆ గృహస్థుని ధర్మమునకు పరీక్ష ఎప్పుడు వచ్చును? అర్ధరాత్రి చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు, ఆ ఏడుపునకు ఉలిక్కిపడి లేచిన మూడేండ్ల పెద్దబిడ్డ "నాకు అమ్మ కావాలి" అని మారాము చేసినప్పుడు, తెల్లవారితే తాను పనిలోకి పోవలసి యున్నప్పుడు వచ్చును. ఆ వేళ అతడు విసుగుకొనునా, లేచి చేతులు చాచునా అన్నదానిపై ఆ యింటి శాంతి ఆధారపడియున్నది. కనుక ఇది దేవుని సన్నిధిలో మాట్లాడుకొనదగిన మాటయే.

మన ప్రాంతములో ఒక ఆచారము కలదు. తొలికాన్పునకు అమ్మాయి పుట్టింటికి పోవును. నెలలు నిండకముందే తల్లిదండ్రులు వచ్చి తీసికొని పోవుదురు. పురుడు, బారసాల అక్కడనే జరుగును. మూడవ నెలలోనో, ఐదవ నెలలోనో తల్లి బిడ్డతో అత్తవారింటికి వచ్చును. అంతవరకు భర్త చుట్టపుచూపుగా పోయి బిడ్డను చూచి వచ్చువాడే. అనగా మొదటి బిడ్డ యొక్క మొదటి రాత్రులు అతనికి తెలియవు. పొత్తిగుడ్డలు ఎన్ని మార్చవలెనో తెలియదు. బాలింత ఎన్నిమార్లు లేచినదో తెలియదు. అవన్నియు అత్తగారు, అమ్మమ్మగారు మోసియున్నారు. రెండవ కాన్పు అనేక కుటుంబములలో భర్త యింటనే జరుగును. పుట్టింటికి పోయినను పెద్దబిడ్డ బడి, ఇంటి పని కారణముగా త్వరగా తిరిగి వచ్చుట కలదు. కనుక, తనకు అంతయు తెలిసినదే అని ధైర్యముగా నున్న తండ్రి, రెండవ బిడ్డతోనే మొదటిసారి పురిటింటి రాత్రిని చూచుచున్నాడు. "మొదటిదానికి ఇంత కష్టము లేదే!" అని ఆశ్చర్యపడుచున్నాడు. కష్టము అప్పుడును ఉన్నది నాయనా! అది నీ కంట పడలేదు.

ఇక్కడ తండ్రి మనస్సులో ఒక సందేహము పుట్టును. పైకి చెప్పడు గాని లోపల పీడించును. "మొదటి బిడ్డయందు నా ప్రాణమే పెట్టుకొన్నాను. ఇప్పుడు ఈ రెండవ బిడ్డకు అంత ప్రేమ ఎక్కడనుండి తేవలెను? దీనికి ఇచ్చినచో దానికి తగ్గును గదా!" అని. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మనము దూరము పోనక్కరలేదు. ఈ విజయపురి సౌత్ రేవునుండి లాంచీ ఎక్కినచో నాగార్జునకొండ చేరుదుము. మన ఊరికి పేరిచ్చిన ప్రాచీన విజయపురి ఇక్ష్వాకు రాజుల రాజధాని. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో వెలసిన ఆ నగరము నేడు సాగర జలముల క్రింద నున్నది. ఆనకట్ట కట్టుటకు ముందు 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు అక్కడ త్రవ్వకములు జరిపిరి. శివకేశవుల ఆలయములు, కార్తికేయుని ఆలయము, బౌద్ధ స్తూపములు, విహారములు బయటపడినవి. వానితోబాటు క్రీడారంగమునకు సమీపమున హారీతి అను దేవత యొక్క మందిరమొకటి కనుగొనబడినది.

ఎవరీ హారీతి? బౌద్ధుల గాథలలో ఆమె యొక యక్షిణి. ఆమెకు ఐదువందలమంది బిడ్డలు. అయినను ఊరివారి బిడ్డలను ఎత్తుకొని పోయి భక్షించుచుండెనట. ప్రజలు బుద్ధుని శరణు వేడిరి. ఆయన ఆమె బిడ్డలలో కడగొట్టువానిని తన భిక్షాపాత్ర క్రింద దాచెను. ఆమె లోకమంతయు వెదకి, గుండెలు బాదుకొని, తుదకు ఆయన పాదములమీద పడెను. "ఐదువందలలో ఒక్కడు కనబడకపోయినందుకే నీకింత దుఃఖమైనచో, ఒకరిద్దరు బిడ్డలే గల తల్లుల సంగతి ఏమి?" అని ఆయన అడిగినంతనే ఆమెకు కనువిప్పు కలిగినది. అప్పటినుండి శిశువులను కాపాడు దేవతయైనది. ఈ కథనుండి సాధారణముగా కరుణను గూర్చి చెప్పుదురు. మేము మరియొక అంశమును చూపగోరుచున్నాము. ఆమె ప్రేమ ఐదువందల భాగములైనచో, ఒక్కని కొరకు అంత దుఃఖము ఎట్లు వచ్చినది? భాగము కాలేదు కనుకనే వచ్చినది. ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగించినచో మొదటి దీపము వెలుగు తగ్గునా? ప్రేమ అట్టిది. కనుక తండ్రీ, ఆ భయము విడువుము. మొదటి దినమున రెండవ బిడ్డను చూచి మనస్సు ఉప్పొంగకపోయినను కంగారుపడకుము. ఎత్తుకొనగా ఎత్తుకొనగా, స్నానము చేయించగా చేయించగా ఆ ప్రేమ తానే ఊరును.

అయితే ప్రేమ తరగదని చెప్పి ఊరకుండుట సగము సత్యమే. తరుగునది ఒకటి కలదు. అది కాలము. తల్లికి చేతులు రెండే. దినమునకు గంటలు ఇరువది నాలుగే. ఈ సత్యమును మన సాగరము కంటె చక్కగా ఎవరు చెప్పగలరు? 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్టకు 26 గేట్లు. 1967లో కాలువలకు నీరు విడిచిరి. కుడి కాలువకు జవహర్ కాలువ అనియు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అనియు పేర్లు. కుడి కాలువ పల్నాడు, గుంటూరు, ప్రకాశము వైపు పోవును. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మము, కృష్ణా వైపు పోవును. జలాశయము ఒకటే, కాలువలు రెండు. నిండుగా నున్నప్పుడు తగవు లేదు. నీరు తగ్గినప్పుడు ఏమి చేయుదురు? వారబందీ పెట్టుదురు. కొన్ని దినములు ఈ మేజరుకు, కొన్ని దినములు ఆ మేజరుకు అని వంతులు వేయుదురు. అప్పుడు ఎవరు నష్టపడుదురో రైతులైన మీకు చెప్పవలెనా? కాలువ మొదట నున్నవారికి ఎట్లో అందును. చివరి భూములు ఎండును.

రెండవ బిడ్డ వచ్చిన ఇంటిలో చివరి భూమి ఎవరు? పెద్దబిడ్డ. చంటిబిడ్డ ఏడ్చి తన వంతు తాను తీసికొనును. ఆకలివేసినచో ఊరుకొనదు. ఇంటికి వచ్చిన చుట్టములందరు మొదట ఉయ్యాల వద్దకే పోవుదురు. నిన్నటివరకు అమ్మ ప్రక్కన పండుకొన్న పెద్దబిడ్డను "పురిటి మంచము దగ్గరకు రావద్దు, అమ్మకు కుట్లు నొప్పి" అని దూరము పంపుదురు. ఆ పసివానికి కుట్లు తెలియవు, పురుడు తెలియదు. తన చోటు పోయినదని మాత్రమే తెలియును. అంతవరకు పక్క తడపనివాడు మరల పక్క తడుపును. తానే తినగలవాడు తినిపించమని పట్టుపట్టును. చంటిబిడ్డను గిల్లును. ఇది సాధారణముగా జరుగునదే అని పిల్లల వైద్యులు చెప్పుదురు. చివరి భూమికి నీరు అందలేదని చెప్పుటకు వానికి వేరు భాష లేదు.

ఈ సమయమున తండ్రి చేయవలసిన మొదటి పని యేమి? మేము ఒక్క మాటలో చెప్పుదుము: ఒడి ఇయ్యవలెను. తల్లి ఒడిలో చంటిబిడ్డ యున్నది, అది న్యాయము. పాలు తల్లి మాత్రమే ఇయ్యగలదు. ఒడిని మాత్రము తండ్రియు ఇయ్యగలడు. తల్లి ఒడి నిండిన దినమున తండ్రి ఒడి ఖాళీగా నుండవలెను, పెద్దబిడ్డ కొరకు.

ధ్రువోపాఖ్యానము మీలో తెలియనివారు లేరు. పోతనామాత్యులవారు తమ భాగవతము చతుర్థ స్కంధమున దానిని రసవత్తరముగా చెప్పియున్నారు. ఉత్తానపాద మహారాజునకు ఇద్దరు భార్యలు, ఇద్దరు కుమారులు. సురుచి కుమారుడైన ఉత్తముడు తండ్రి ఒడిలో కూర్చుండియుండగా, సునీతి కుమారుడైన ధ్రువుడు తానును ఎక్కబోయెను. ఐదేండ్ల పసివాడు. సురుచి పలికిన కఠినవాక్యములనే మనము గుర్తుంచుకొందుము. ఆమె మాటలు ఆ బాలుని గాయపరచినవి, నిజమే. కాని ఆ సమయమున తండ్రి ఏమి చేసెను? ఏమియు చేయలేదు. రమ్మనలేదు, చేయి చాపలేదు, ఆమెను వారింపలేదు. ఆ మౌనమే ఆ బాలుని అడవికి పంపినది. తరువాత నారదుడు వచ్చి కుశలమడిగినప్పుడు, తాను దయమాలినవాడనై పసివానిని దూరము చేసికొంటినని ఆ రాజు కుమిలిపోయెను. ఆలోచింపుడు. ఆ ఒడి ఇద్దరికి చాలదా? చక్రవర్తి ఒడియే ఇరుకైనదా? చోటు లేక కాదు, ఆ క్షణమున జరిగి చోటు చేయు మనస్సు లేక. ధ్రువునకు నారాయణుడు ప్రత్యక్షమగుట మన భాగ్యము. కాని తండ్రి త్రోసివేసిన ప్రతి బిడ్డకు నారదుడు ఎదురుపడునని నమ్మి మనము ఊరకుండరాదు.

సురుచి మాటలు పురాణములోనే ఉన్నవని అనుకొనకుడు. మన యిండ్లలో నేటికిని వినబడుచున్నవి. బిడ్డను చూడవచ్చిన చుట్టములు పెద్దబిడ్డ గడ్డము పట్టుకొని, "చెల్లి వచ్చింది, ఇక నీ పని అయిపోయిందిలే", "మీ అమ్మ ఇక నిన్ను చూడదు, మా ఊరు వస్తావా?", "తమ్ముణ్ణి మేము ఎత్తుకుపోతాం, ఇస్తావా?" అని పరిహాసమాడుదురు. వారు చెడ్డవారు కారు. అది ముద్దుమాట అనుకొందురు. నవ్వుచున్న పెద్దల నడుమ ఆ పసివాని ముఖమును ఎవరైన చూచుచున్నారా? వానికి అది పరిహాసము కాదు. తాను భయపడుచున్నదే నిజమని పెద్దలు చెప్పిన తీర్పు. అప్పుడు తండ్రి ఉత్తానపాదుడు కారాదు. పెద్దవారని సంకోచింపక, కోపము లేకుండ, "అట్లా అనకండి అత్తయ్యా, వాడు నిజమనుకుంటాడు" అని ఒక మాట చెప్పవలెను. ఆ మాట చెప్పుచు బిడ్డను ఎత్తుకొనవలెను. అంతకుమించిన రక్ష లేదు.

మరి పెద్దబిడ్డ అల్లరి చేసినచో? ఇందుకు గోకులము పోవుదము. యశోద పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగినవి. ఇంకను కడుపు నిండని కృష్ణుని దించి ఆమె పరుగెత్తినది. ఆయన కోపముతో పెరుగు కుండ పగులగొట్టెను. జగన్నాథుడే అయినను ఒడినుండి దింపినచో బాలునికి కోపము వచ్చునని భాగవతము చెప్పుచున్నది. తల్లి ఆయనను రోటికి కట్టెను. ఆ రోటితో రెండు మద్దిచెట్లను కూల్చిన తరువాత నందుడు వచ్చెను. ఆయన బాలుని కొట్టలేదు. "నీవెందుకు కట్టితివి?" అని యశోదను నలుగురిలో నిలదీయలేదు. త్రాటితో రోలును ఈడ్చుచున్న కుమారుని చూచి నవ్వి, కట్టు విప్పెను. దీనిలో తండ్రికి ఎంత ఉపదేశమున్నదో చూడుడు! రాత్రియంతయు నిద్రలేని తల్లి పెద్దబిడ్డపై ఒక దెబ్బ వేసినచో, ఆమెతో వాదమునకు దిగుట తండ్రి పని కాదు. ఆమెకు తోడుగా తానొక దెబ్బ వేయుటయు కాదు. నవ్వుచు ముడి విప్పుట అతని పని. "రారా నాన్నా, మనము కట్ట దగ్గరకు పోయి నీళ్లు చూచి వద్దాము" అని భుజముమీద ఎక్కించుకొని పోవుట ఆ ముడి విప్పుటయే.

అదే నందుని యొద్ద మరియొక ధర్మము నేర్చుకొనవలెను. గోకులములో కృష్ణుడు రెండవ శిశువు. అంతకుముందే రోహిణీదేవి బలరాముని కన్నది. నందుడు వానిని తన బిడ్డగానే చూచుకొనుచుండెను. గర్గాచార్యులు వచ్చినప్పుడు నందుడు ఏమని ప్రార్థించెను? నా కుమారునికి నామకరణము చేయుడని కోరలేదు. ఈ బాలురిద్దరికిని సంస్కారము చేయుడని కోరెను. గోశాలలో రహస్యముగా జరిగిన ఆ కార్యములో గర్గులవారు మొదట రోహిణీ కుమారునికి పేరు పెట్టిరి, తరువాతనే కృష్ణునికి. అవతారమూర్తియైనను తమ్ముడు తమ్ముడే. అన్నకు మొదటి చోటు. కనుక మీ యింట రెండవ బిడ్డ బారసాల జరుగునప్పుడు పెద్దబిడ్డను మూలకు పంపకుడు. క్రొత్తబట్టలు కట్టింపుడు. పళ్లెములో బియ్యముపై పేరు వ్రాయునప్పుడు వాని చిన్న వ్రేలును మీ చేతితో పట్టి వ్రాయింపుడు. ఆ పేరు మొదట వాని నోటనే పలికింపుడు. తన చోటు పోలేదు, తనకొక పెద్దరికము వచ్చినదని వానికి తెలియును.

ఇచ్చట ఒక ప్రమాదమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. పెద్దబిడ్డను తండ్రి చేరదీయవలెనని మేము చెప్పినదానిని కొందరు "పెద్దవాడు నాన్నవాడు, చిన్నవాడు అమ్మవాడు" అని పంచుకొనుటగా మార్చుకొందురు. ఐతరేయ బ్రాహ్మణములో శునశ్శేపుని కథ కలదు. అజీగర్తునకు ముగ్గురు కుమారులు. వందగోవులకు ఒక కుమారుని యజ్ఞపశువుగా ఇయ్యమని అడిగినప్పుడు తండ్రి పెద్దవానిని ఇయ్యననెను. తల్లి చిన్నవానిని ఇయ్యననెను. నడిమివాడు అమ్ముడుపోయెను. బిడ్డలను పంచుకొన్న ఇంటిలో ఎవడో ఒకడు ఎవరికిని చెందనివాడగును. కనుక తండ్రి ప్రతిదినము కొంతసేపైనను చంటిబిడ్డను తన చేతులలోనికి తీసికొనవలెను. ఆ కొంతసేపు పెద్దబిడ్డకు తల్లిని ఇయ్యవలెను. పాలు త్రాగిన శిశువును భుజముపై వేసికొని వీపు నిమిరి త్రేన్పు తెప్పించుట, పొత్తిగుడ్డలు మార్చుట, ఉయ్యాల ఊపుట, ఇవి మగవాని చేతికి రానివి కావు. ఇవి చేసినందువలన మగతనము తరిగినవాడు ఈ పల్నాటిలో ఎవడును లేడు.

పల్నాడు అన్నాము గనుక ఒక మాట. ఈ గడ్డమీద పండ్రెండవ శతాబ్దమున జరిగిన మహా విషాదము ఎవరి మధ్య జరిగినది? అనుగురాజు బిడ్డల మధ్య. నలగామరాజు గురజాలలో, మలిదేవరాజు మాచర్లలో. తల్లులు వేరు, తండ్రి ఒక్కడే. కోడిపందెము, ప్రవాసము, విఫలమైన రాయబారము, తుదకు కారెంపూడి రణరంగము. నేటికిని కార్తీకమాసమున అక్కడ వీరారాధన జరుపుకొనుచున్నాము. వీరులకు మ్రొక్కుదము. కాని ఆ వీరత్వము అన్నదమ్ముల నెత్తుటితో తడిసినదని మరువరాదు. రాజ్యమునకు కారణములు అనేకముండును. మన చిన్నయిండ్లలో మాత్రము అన్నదమ్ముల వైరమునకు విత్తనము తరచుగా బాల్యమునందే, "నాన్న వాణ్ణే ఎక్కువ చూశాడు" అను ఒక్కమాటతో పడుచున్నది. పొలము గట్టు తగాదా తరువాత వచ్చును.

రెండవ బిడ్డయు ఆడపిల్లయే అయినచో ఏమగుచున్నది? ఆసుపత్రి వరండాలో తండ్రికి ఆ వార్త చెప్పువారి గొంతు తగ్గును. "పోనీలే, మళ్లీ చూద్దాము" అని ఓదార్చువారు వత్తురు. ఏమి పోయినదని ఓదార్పు? వాల్మీకి రామాయణములో జనక మహారాజు సీతను శ్రీరామునకు, తన రెండవ కుమార్తెయైన ఊర్మిళను లక్ష్మణునకు ఇచ్చెను. ఇద్దరు కుమార్తెల తండ్రియైన ఆ మహనీయుని మించిన రాజర్షి ఎవరు? మరియొక సత్యము. బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రి బీజమే అని శాస్త్రజ్ఞులు ఏనాడో నిరూపించిరి. కనుక తల్లిని నిందించుట అధర్మమే గాక అజ్ఞానము కూడ. గర్భములోని శిశువు ఆడయో మగయో తెలిసికొనుటను 1994 నాటి చట్టము నేరముగా నిర్ణయించినది. రెండవ కాన్పులో ఆడపిల్ల పుట్టినచో అర్హులైన తల్లులకు కేంద్రప్రభుత్వము 2022 నుండి మాతృ వందన యోజన క్రింద 6,000 రూపాయలు ఇచ్చుచున్నది. అయితే ఆ తల్లికి ధనముకంటె ముందు కావలసినది భర్త ముఖము. ఆమె కన్నులు తెరచి మొదట చూచునది ఆ ముఖమునే. అది వాడియున్నచో ఆమె గుండె పగులును. "లక్ష్మి వచ్చింది" అని అతడు నవ్వినచో చుట్టములందరి నోళ్లు వాటంతట అవే మూతపడును.

ఇక తల్లిని గూర్చి. శిశువు పుట్టినచో పది దినములు జాతాశౌచమని, ఆ దినములలో తండ్రియు దేవాలయమునకు పోరాదని, నిత్యపూజలు చేయరాదని మన ఇండ్లలో పాటించుచున్నాము. పురుడు తల్లికే గాక తండ్రికి కూడ ఎందుకు? శాస్త్రకారుల హృదయము ఇదేనని మేము ప్రమాణము చెప్పుట లేదు. మాకు తోచిన భావము విన్నవించుచున్నాము. గుడికి రావద్దు, యజ్ఞము వద్దు, ఊరి పెద్దరికము వద్దు అని చెప్పిన తరువాత గృహస్థునకు మిగిలిన చోటు ఏది? ఇల్లు. ఆ పది దినములు అతని గర్భాలయము పురిటిగది. అతని అర్చన బాలింతకు వేళకు వేడి అన్నము పెట్టుట. ఆశౌచమని గుడికి రాక, ఆ పది దినములు వీధి అరుగుమీద పేకాటలో గడపువాడు మాట నిలిపినను ధర్మము తప్పినవాడు.

నేటి ప్రభుత్వములు ఈ భావమునే మరియొక విధముగా అంగీకరించినవి. కేంద్రప్రభుత్వ ఉద్యోగులకును, మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకును భార్య ప్రసవించినప్పుడు 15 దినముల పితృత్వ సెలవు కలదు. రెండవ కాన్పునకును ఇది వర్తించును. అర్హులు దానిని తప్పక వాడుకొనవలెను. ఊరి పనులకు గాక ఇంటి పనికి. మిరప కోతకు పోవువారికి, సాగరములో వలవేయువారికి, లారీ నడుపువారికి అట్టి సెలవు లేదు. నందునకును లేకపోయెను. కృష్ణుడు పుట్టిన కొలది దినములకే కప్పము కట్టుటకు మథురకు పోవలసి వచ్చెను. ఆయన లేని సమయముననే పూతన వచ్చినది. పని ముగించి, గోకులములో ఉత్పాతములు తోచుచున్నవని వసుదేవుడు చెప్పగానే, నిలువక తిరిగివచ్చి బిడ్డను ఎత్తుకొని శిరస్సును మూర్కొనెను. పనికి పోవుట తప్పు కాదు. పని ముగిసిన తరువాత నేరుగా ఇంటికి వచ్చుట, రాగానే కాళ్లుచేతులు కడుగుకొని బిడ్డను ఎత్తుకొనుట, ఇంతయే కూలివాడైన తండ్రినుండి ధర్మము కోరునది.

పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెను. ఆరు మాసములు తల్లిపాలు తప్ప నీరు కూడ అక్కరలేదని వైద్యులు చెప్పుచున్నారు. "ముర్రుపాలు పిండివేయండి", "పంచదార నీళ్లు పట్టండి" అని పెద్దవారు పట్టుపట్టినప్పుడు బాలింత ఎదురు చెప్పలేదు, చెప్పవలసినవాడు భర్త. జాతకర్మలో తండ్రి బంగారముతో తేనె, నేయి నాకించుట సంప్రదాయము. సంవత్సరము నిండని శిశువునకు తేనె హానికరమని నేడు తెలిసినది. కనుక తేనెను దేవుని ముందుంచి, ఆశీర్వాదమును బిడ్డ చెవిలో పలుకుడు. ఆయుష్షును కోరి చేయు సంస్కారము ఆయుష్షునకు భంగము కారాదు గదా! పుట్టినప్పుడు, తరువాత 6, 10, 14 వారములకు టీకాలుండును. ఆ కార్డును భద్రపరచి దినములు గుర్తుంచుకొను బాధ్యత తండ్రి తీసికొనవలెను. మరియొకటి. ప్రసవమైన మొదటి దినములలో తల్లి కారణము లేకయే కన్నీరు పెట్టుకొనుట కలదు. అది రెండు వారములు దాటినను తగ్గనిచో, బిడ్డవైపు చూడకుండనున్నచో, దయ్యమని, దృష్టి అని కాలము పుచ్చక వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. అది జబ్బు, నయమగును.

తుదకు తండ్రిని గూర్చి. అతడును అలసిపోవును. ఖర్చు రెట్టింపైనది. నిద్ర సగమైనది. భార్య తనతో మాట్లాడుటకు తీరిక లేదు. "నీవెట్లున్నావు?" అని అతనిని అడుగువారు లేరు. కొందరు భక్తులు మాతో, "స్వామీ, చంటిబిడ్డ వచ్చినప్పటినుండి పారాయణము సాగుట లేదు, ధ్యానము కుదురుట లేదు" అని చెప్పుకొందురు. వారికి మా సమాధానమిది. శివరాత్రినాడు జాగరణము చేసి పుణ్యమని తలచుచున్నారు గదా! ఏడ్చు శిశువును భుజముపై వేసికొని, వాకిట పచారు చేయుచు, మెల్లగా నామము పలుకుచు గడిపిన రాత్రి జాగరణము కాదా? ఆ నామము బిడ్డకు జోలపాట, మీకు జపము. పారాయణము మరల సాగును. గ్రంథము ఎక్కడికిని పోదు. ఈ బిడ్డ భుజముమీద ఇమిడియుండు కాలము మాత్రము మరల రాదు. కోపము మితిమీరుచున్నదని తోచినప్పుడు శిశువును పక్కమీద భద్రముగా పరుండబెట్టి, రెండడుగులు ఇవతలకు వచ్చి, పది శ్వాసలు తీసికొని మరల పోవుడు. పసికందును ఎన్నడును కుదుపరాదు. సహాయమడుగుటకు సిగ్గుపడకుడు. తల్లిగారు, అక్కగారు, ప్రక్కింటి పిన్నిగారు, వీరందరు అడిగినచో వచ్చువారే.

భగవద్బంధువులారా! మొదటి బిడ్డ పుట్టినప్పుడు మనిషి తండ్రియగును. రెండవ బిడ్డ పుట్టినప్పుడు ఆ తండ్రితనము ఎంత విశాలమో తెలియును. ఈ రాత్రి ఇండ్లకు పోయిన తరువాత, ఉయ్యాల యున్న ఇంటివారు ఒక్కపని చేయుడు. ఉయ్యాలను చూచుటకు ముందు పెద్దబిడ్డ ఎక్కడ నున్నదో వెదకుడు. నిద్రించుచున్నచో దుప్పటి సరిచేయుడు. మేలుకొనియున్నచో కూర్చుండి ఒడి చూపుడు. పిలువనక్కరలేదు, తానే వచ్చును.

బాలకృష్ణుని, బలరాముని ఒక్క యింట పెంచిన ఆ నందుని ధర్మము మన గృహములన్నింటను వర్ధిల్లుగాక!

స్వస్తి.